పునీతుల వాఙ్మయమున భయము, శరణాగతి

క్రైస్తవ పునీతుల చరిత్రలను, ఆ పునీతులే స్వయముగా వ్రాసిన లేఖలను ప్రక్కప్రక్కన నుంచి చదువువారికి ఒక విశేషము వెంటనే స్ఫురించును. చరిత్రకారుడు చిత్రించిన పునీతుడు భయ మెరుగడు. అగ్నిని చూచి నవ్వును. ఖడ్గమునకు మెడ యొగ్గుచు చమత్కారము లాడును. లేఖలు వ్రాసిన పునీతుడో, రాత్రులు నిద్ర పట్టక పొరలినవాడు. తన దేహము నొప్పి కోర్వలేదని తెలిసినవాడు. రేపు తాను నిలుతునో పడుదునో యని సంశయించినవాడు. ఈ యిద్దరిలో ధైర్యమును, దైవమునకు ఆత్మార్పణము చేసికొను రీతిని మనకు నేర్పగలవా డెవడు? ఈ వ్యాసమున మేము విచారింపదలచిన ప్రశ్న యిది. ఇది కేవలము మతవిషయకమైన ప్రశ్న యని కొంద రనుకొనవచ్చును. కాని దీనికి సమాధానము వెదకవలసిన చోటు గ్రంథములు. వెదకుటకు సాధనము పాఠవిమర్శ. కావున సాహిత్యవిద్యార్థికి ఇందు పని కలదు.

తెలుగు కతోలికులు విశ్వాసముకొరకు ప్రాణము లర్పించిన వారిని వేదసాక్షు లందురు. యూరపు భాషలలోని మార్టిర్ అను పదమునకు మూలమైన గ్రీకు శబ్దమునకును సాక్షి యనియే యర్థము. సాక్షి యన్న తరువాత సాక్ష్యమును పరీక్షింపక తప్పదు. ఆ మాట చెప్పిన దెవరు, ఎప్పుడు చెప్పిరి, ఎవరి చేతిమీదుగా మనకు చేరినది అని తాళపత్రపాఠములను పరిష్కరించునపుడు మనము వేయు ప్రశ్నలే యిక్కడను వేయవలెను. ఇందులకై మేము ముగ్గురిని గైకొనుచున్నాము: పదునైదవ శతాబ్దపు జోన్ ఆఫ్ ఆర్క్, పదునారవ శతాబ్దపు థామస్ మోరు, పందొమ్మిదవ శతాబ్దపు లిజియో తెరేసా. వీరిలో వేదసాక్షిగా పునీతపదవి నందినవాడు మోరు ఒక్కడే. జోనును తిరుసభ 1920లో కన్యకగానే పునీతురాలిని గావించినది; తెరేసా క్షయవ్యాధిచే మఠమున మరణించినది. అయినను సాక్ష్యమను మాటకు ముగ్గురును అర్హులు.

జోను చదువు వ్రాత లెరుగని పల్లెపడుచు. ఆమె మాటలను మనకు దక్కించినది ఆమె భక్తులు గారు. ఆమెను దహింపజూచిన న్యాయస్థానపు లేఖకులు. సాక్ష్యబలము దృష్ట్యా ఇంతకంటె గట్టి యాధార మరుదు, ఏలయన శత్రువు తన ప్రతివాదిని గొప్పదానినిగా చేయుటకై వ్రాయడు. 1430 మే 23న కోంపియేను వద్ద పట్టుబడిన జోను 1431లో రువాను నగరమున విచారణకు తేబడినది. ఆ సంవత్సరము మే 24న, ప్రజాసమూహమునెదుట, దహనశిక్ష సిద్ధముగా నుండగా, ఆమె తన మాటలను తానే త్రోసిపుచ్చుచు నొక పత్రముపై గురుతు పెట్టినది. నాలుగు దినములకు న్యాయాధిపతులు చెరలోనికి వచ్చి యడుగగా, తా నాదినమున చేసినదంతయు అగ్నిభయముచే చేసినదని, దేవుని యాజ్ఞను కాదనుట తనకు ద్రోహమైనదని చెప్పినది. ఆ చోట లేఖకుడు అంచున లాటినులో రెండు మాటలు వ్రాసెను. అది ప్రాణాంతకమైన ప్రత్యుత్తర మని వాని భావము. మే 30న ఆమె దహింపబడినది. ఆ యుదయము చితివార్త వినినప్పు డామె యేడ్చి జుట్టు పీకికొన్నదని, దహనముకంటె ఏడుమారులు శిరచ్ఛేదమే మేలని విలపించినదని, అప్పు డచట నుండిన సన్యాసి యొకడు 1450 నాటి విచారణలో సాక్ష్యమిచ్చెను.

పటములలోని జోను కవచము దాల్చి, కన్నులు పైకెత్తి, చలింపక నిలుచును. విచారణపత్రములలోని జోను మే 24న పడిపోయి 28న లేచినది. మొదటి జోనును చూచి నమస్కరింతుము. రెండవ జోను మనకు మరియొకటి చెప్పుచున్నది: అగ్ని యనగా నేమో యెరుగక దానిని కోరినది గాదు, దానికి జంకి, ఒకమారు పారిపోయి, తిరిగి తెలిసి తెలిసి దానివైపు నడచినది. ఈ నడక లేనిచో ఆమె ధైర్యమునకు మన ధైర్యమునకు సంబంధమే లేకుండెడిది.

థామస్ మోరు విషయమున సామగ్రి యపారము. కావున ఇక్కడ కొంత నిలువవలసియున్నది. ఆయన న్యాయవాది, గ్రంథకర్త, 1529 మొదలు 1532 వరకు ఇంగ్లండు చాన్సలరు. ఎనిమిదవ హెన్రీ వివాహమునకు, తత్సంతానపు వారసత్వమునకు సంబంధించిన ప్రమాణమును చేయ నిరాకరించి 1534 ఏప్రిలు 17న లండను టవరున బంధింపబడెను. 1535 జూలై 1న విచారణ, 6న శిరచ్ఛేదము. సరిగా నాలుగువందల యేండ్లకు, 1935లో, పునీతపదవి. ఆయనను గూర్చి వ్రాయునపుడు ఒకటి మరువరాదు: చాన్సలరుగా నుండగా మతభేదులను గట్టిగా వెంటాడినవాడు, ఆ కాలమున ఆరుగురు దహింపబడిరి. పునీతుడను గౌరవముచే దీనిని దాచుట, ఆయన భయమును దాచుటవంటిదే. ఇతరుల యంతరాత్మను నిర్బంధించిన హస్తమే తన యంతరాత్మకొరకు ప్రాణము నిచ్చినదనుట చదువరి మ్రింగవలసిన చేదునిజము.

అల్లుడు విలియం రోపరు, మామ మరణించిన సుమారు ఇరువదియేండ్లకు వ్రాసిన జీవితచరిత్రనుండియే లోకమునకు మోరు తెలిసినవాడు. వధ్యశిల కెక్కుచు, పైకి పోవుటకు చేయూత నిమ్ము, దిగుట సంగతి నేను చూచుకొందునని అధికారితో పరిహాసమాడిన మోరు ఆ గ్రంథములోని మోరు. ఆ పరిహాసము కల్పిత మని మే మనము. ఆయన స్వభావమున కది తగియేయున్నది. కాని టవరునుండి పెద్దకూతురు మార్గరెట్టునకు వ్రాసిన జాబులను చదువుడు. తాను స్వభావముచేత నొప్పి కెంతయు జంకువాడనని, వ్రేలితో మీటిన దెబ్బకైనను భయపడుదునని ఒప్పుకొనును. చెరకు రాకమునుపే, ప్రక్కను భార్య నిద్రించుచుండగా, తానును నిద్రించుచున్నానని యామె తలచుచుండగా, రానున్న యాతనల నన్నింటిని తలచుకొనుచు రాత్రులు గడపితినని చెప్పును. ఇది కూతునకు వ్రాసిన మాట. లోకము మెచ్చుటకై వ్రాసినది కాదు. ఇందు అలంకారము లేదు. మా దృష్టిలో మోరు రచనలన్నింట ఇంత బలమైన వాక్యములు కొలదిగా నున్నవి. పరిహాసోక్తుల మోజులో వీనిని విమర్శకులు తగినంతగా పట్టించుకొనలేదు.

ఈ భయము ఆయన ధైర్యమునకు విరోధి కాలేదు సరికదా, దానికి ఆకృతి నిచ్చినది. 1535 జూన్ 3నాటి ప్రశ్నోత్తరములను ఆయనయే కుమార్తెకు వివరించెను. నీకు చావన్న లెక్కలేనిచో రాజశాసనమునకు విరుద్ధముగా బాహాటముగా పలుకవేమి యని యధికారులు ఎత్తిపొడిచిరి. తర్కమున కిది పదునైన ప్రశ్న. దానికి మోరు ప్రత్యుత్తరము: మరణమునకు తనంత తా నెదురేగి నిలుచుటకు తగినంత పవిత్రమైన జీవితము తాను గడపలేదు, అట్లు సాహసించినచో ఆ యహంకారమునకై దేవుడు తన్ను పడిపోనిచ్చునేమో, కావున ముందునకు దూకక వెనుకకు తగ్గియుండును, ఆయనయే లాగికొనిపోయినచో బలము ఆయనయే యిచ్చునని నమ్మియుండును. సాహసమునకును ధైర్యమునకును గల భేదమును ఇంతకంటె స్పష్టముగా చెప్పిన గ్రంథము మా యెరుకలో లేదు. దూకువాడు తన బలమును నమ్మినవాడు. నిలుచువాడు తన బలమునందు నమ్మకము పోగొట్టుకొన్నవాడు.

ఇట్లని మోరు చేతులు కట్టుకొని కూర్చుండలేదు. ఆయన మౌనము న్యాయవాది మౌనము. శాసనము దుర్బుద్ధితో పలికినవానిని శిక్షించును. పలుకనివానిని ఏమి చేయును? మౌనము సమ్మతికి చిహ్నమను న్యాయసూత్రమును ఆయన తనకు అనుకూలముగా వాదించెను. రిచర్డ్ రిచ్ యిచ్చిన సాక్ష్యముతో, అది యబద్ధమని మోరు మొత్తుకొన్నను, నేరము స్థాపింపబడినది. అప్పుడు, ఇక దాచుకొనవలసినది లేనప్పుడు, మనసులోని మాటను ఆయన బయటికి చెప్పెను. అంతవరకు మానవయత్నమంతయు జరిగినది. ఆ తరువాతనే సమర్పణము. శరణాగతి యనగా బుద్ధిని మూలనుంచుట యని తలచువారు ఈ క్రమమును గమనింపవలెను.

చెరలో ఆయన వ్రాసిన తుదిగ్రంథము గెత్సేమనే తోటలో క్రీస్తు అనుభవించిన దుఃఖమును గూర్చినది. విషయమును ఎన్నుకొనుటయే యొక యాత్మకథ. క్రీస్తు అచట భయపడెను, వ్యాకులపడెను, ఆ పానపాత్రను తొలగింపుమని తండ్రిని వేడెనని సువార్తలు చెప్పుచున్నవి. వేదసాక్షుల కెల్ల నాయకుడైనవాడు, తరువాతి వేదసాక్షులు కొందరు చూపినపాటి నిబ్బరమైనను చూపకుండుట యెట్లు? మోరు సమాధానము విమర్శకదృష్టికి అపూర్వముగా తోచును. సింహమువంటి గుండె కలవారికి ఆదర్శములు చాలగలవు. గొఱ్ఱెవలె వణకువానికి గూడ ఒక త్రోవ కావలెను. వానికొరకై క్రీస్తు ఆ భయమును తనపై వేసికొని, తన యుత్తరీయపు అంచు పట్టుకొని వెంటరమ్మని పిలిచెను. ఆ వణకువాడు తానేయని మోరు ఎచ్చటను చెప్పడు. చెప్పనక్కరలేదు. లాటినున ఆయన స్వహస్తముతో వ్రాసిన ప్రతి, కొట్టివేతలతో దిద్దుబాట్లతో, స్పెయినులోని వలెన్సియా నగరమున 1963లో గుర్తింపబడినది. క్రీస్తును పట్టుకొనుటకై చేతులు వేసిన ఘట్టముతో గ్రంథ మాగిపోవును. అచటికి వచ్చుసరికి పుస్తకములను, సిరాను, కాగితములను ఆయననుండి లాగికొని కట్టుదిట్టము హెచ్చించిరని, మనుమరాలు చేసిన ఆంగ్లానువాదముతో 1557లో వెలువడిన రచనల సంపుటి చెప్పుచున్నది. మరణమునకు ముందురోజున మార్గరెట్టునకు వ్రాసిన జాబు బొగ్గుతో వ్రాసినది.

మన సంప్రదాయమున ప్రపత్తిని వివరించిన యాచార్యులు దాని యంగములలో కార్పణ్యమును ఒకదానినిగా చెప్పిరి. తనకు వేరు గతి లేదను, తనయందు సామర్థ్యము లేదను ఎరుక యది. కార్పణ్యము లేని శరణాగతి యంగవికలము. మోరు జాబులలోని భయము ఈ యంగముయొక్క స్థానమును నింపుచున్నదని మా యభిప్రాయము. రెండు మతముల సిద్ధాంతము లొక్కటే యని మేము చెప్పుట లేదు. ఒక వాఙ్మయమున కనుగొనిన సూక్ష్మపరిభాష వేరొక వాఙ్మయమును చదువుటకు పనికివచ్చునని మాత్రమే. మర్కటకిశోరన్యాయము, మార్జాలకిశోరన్యాయము అను ప్రసిద్ధమైన విభాగమునుబట్టి చూచినచో, మోరు తల్లిని గట్టిగా కరచుకొనిన కోతిపిల్ల. పిల్లికూనను చూడవలెనన్నచో మూడువందల యేండ్లు దాటి ఫ్రాన్సు దేశపు నార్మండీలోని యొక మఠమునకు పోవలెను.

లిజియో తెరేసా 1873 జనవరి 2న జన్మించి, 15 ఏండ్ల ప్రాయమున, 1888లో, కార్మెలు మఠమున ప్రవేశించి, 1897 సెప్టెంబరు 30న 24 ఏండ్లకే మరణించినది. అక్కలలో ఒకరు మఠాధిపతిగా నుండి వ్రాయుమని యాజ్ఞాపింపగా వ్రాసిన బాల్యస్మృతులు, తరువాతి రెండు చిన్నవ్రాతలు కలిపి ‘ఒక యాత్మ కథ’ అను పేర 1898లో ముద్రితమైనవి. ఆమె ప్రసిద్ధ ప్రతీక ఆ పుస్తకములోని లిఫ్టు. ధనవంతుల యిండ్లలో మెట్లెక్కు శ్రమ తప్పించు నీ యంత్రము క్రొత్తగా వచ్చిన కాలమది. 1887లో యాత్రకు పోయినపు డామె దానిని చూచినది. పరిపూర్ణత యను నిట్రమైన మెట్లు తన చిన్నకాళ్ల కందవని, తన్ను పైకెత్తు లిఫ్టు క్రీస్తు చేతులేయని వ్రాసినది. పిల్లి తన కూనను నోట కరచి తీసికొనిపోవుటకు ఇంతకంటె దగ్గరగా నున్న యూరపు ఉపమానము మేము చూడలేదు. సిద్ధాంతగ్రంథము లెరుగని యువతి, తన కండ్లయెదుట నున్న యొక యంత్రమునుండి దీనిని గ్రహించుట విశేషము.

కాని ఈ ప్రతీక పూలదండలతోను, గులాబీలు చల్లు బొమ్మలతోను కలిసి ఎంత ప్రచారమైనదో, దాని వెనుకనున్న చీకటి అంత మరుగుపడినది. మూలప్రతిని సంస్కరించిన యక్క, భాషను చదునుచేసి, అధ్యాయములుగా విభజించి, మూడు వ్రాతలను ఒకరికే వ్రాసినట్లు మార్చినది. 1956లో మూలప్రతుల ఛాయాముద్రణ వెలువడినప్పుడు మార్పులు 7,000కు పైబడెనని తేలినది. సంస్కర్తను దూషించుట మా యుద్దేశము గాదు; దిద్దుటకు తెరేసాయే యామె కధికార మిచ్చినది. చీకటిని గూర్చిన పుటలను ఆమె తొలగింపనూ లేదు. కాని చుట్టునున్నదంతయు మెత్తబడినపుడు, మధ్యనున్న ఱాయికూడ మెత్తనిదిగానే తోచును.

ఆ చీకటి యెట్టిదనగా: 1896 ఏప్రిలులో, మొదటిసారి రక్తము కక్కిన కొలది దినములకే, పరలోకమున్నదను నమ్మకము ఆమెనుండి తొలగిపోయినది. బాల్యమునుండి అనుమాన మెరుగని విషయమది. ఒక గోడ ఆకాశమువరకు లేచి నక్షత్రములను కప్పివేసినదని, చీకటిలో పాపులస్వరమున నొకటి పలుకుచు, మరణానంతర మామెకు దొరకునది వెలుగు గాక మరింత గాఢమైన శూన్యరాత్రియే యని యెగతాళి చేయునని 1897 జూన్‌లో వ్రాసినది. వ్రాయుచు వ్రాయుచు ఆగినది; ఇంక వ్రాసినచో దైవదూషణ మగునేమో, ఇప్పటికే మితిమీరి చెప్పితినేమో యని భయపడినది. ఈ యాగుట యావత్పుస్తకమున మిక్కిలి సత్యమైన స్థలము. అవిశ్వాసులను దూరమునుండి జాలిపడి చూచుట మాని, వారి భోజనపు బల్లవద్ద తానును కూర్చుండి ఆ చేదు రొట్టె తినుటకు ఒప్పుకొన్నది. గడచిన సంవత్సరమున చేసినన్ని విశ్వాసప్రకటనములు జీవితమంతటను చేయలేదనెను. అనుభవము లేదు; సంకల్పము మాత్రమున్నది.

ఇదే కాలమున జరిగిన యొక సంఘటనను పలువురు జీవితచరిత్రకారులు తొందరగా దాటిపోవుదురు. తెరేసాకు జోనునందు భక్తి మెండు. మఠవాసినుల వినోదమునకై జోనుకథను రెండు చిన్ననాటకములుగా వ్రాసి, తానే జోను వేషము కట్టినది. చెరలోని జోనుగా నామెను తీసిన ఛాయాచిత్ర మొకటి, సైతాను కూటమునుండి మారి క్రైస్తవభక్తురాలైనదని ప్రచారమందిన డయానా వాన్ అను స్త్రీకి పంపబడినది. 1897 ఏప్రిలు 19న పారిసులో లియో టాక్సిల్ అనువాడు, ఆ స్త్రీకథ యంతయు తా నల్లిన బూటకమని సభలో వెల్లడించి నవ్వెను. ఆ సభలో తెరపై చూపబడినది తెరేసా ఛాయాచిత్రమే. మరణము దగ్గరపడిన వేళ, విశ్వాసము చీకటిపడిన వేళ, తాను నమ్మిన యద్భుతము మోసమని తెలిసినది. రెండు నెలల తరువాత చీకటిని గూర్చి వ్రాసిన పుటలలో దీని పేరైన నెత్తదు. ఆ పుటలను ఈ సంగతి తెలిసి చదువుట వేరు, తెలియక చదువుట వేరు.

తెలుగు చదువరి కిక్కడ పోతన గజేంద్రుడు తలపునకు రాక మానడు. మొసలిపట్టునకు బలముడిగిన యేనుగు శరణు వేడుటకు ముందు, దేవు డున్నాడనుమాటనే సంశయించును. తరతరముల తెలుగువారు కంఠస్థము చేసిన భాగమది. ఆ సంశయము లేకున్న తరువాతి పిలుపునకు ఆ యార్ద్రత రాదని మన రసికులు ఎరుగుదురు. రామదాసు సంగతియు నట్టిదే. గోలకొండ చెరలోని కీర్తనలలో, చేయించిన నగలను లెక్కపెట్టి రాముని నిలదీసి, వెంటనే క్షమింపుమని వేడును. మన భక్తవాఙ్మయమున ఈ తగవును, ఈ సంశయమును ఎవరును దిద్దలేదు. కాగా ధీరోదాత్తనాయకుని గూర్చిన లక్షణమునకు లోబడి చరిత్ర వ్రాయునపుడు మనవారును అదే పొరపాటు చేసిరి. పదునెనిమిదవ శతాబ్దమున మంగళగిరి ఆనందకవి క్రీస్తుకథను ప్రబంధముగా వేదాంతరసాయనమున రచించెను. ప్రబంధలక్షణమునకును, వణకిన క్రీస్తునకును మధ్య పొత్తు కుదిరిన తీరును ఈ దృష్టితో పరిశీలించుట పరిశోధకులకు తగిన పని.

ఒక యాక్షేపమునకు సమాధానము చెప్పవలెను. చరిత్రలు సామాన్యభక్తుల పఠనమునకై పుట్టినవి, వారికి నిలుకడ గల మూర్తి కావలెనుగాని సంశయగ్రస్తుడు కాదని కొందరందురు. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట గాదు. పటమును చూచి చేయి జోడించినవానికి పటము చేసిన మేలు సత్యమే. కాని ఆ భక్తుడే యొకనాడు రోగశయ్యపై గాని, న్యాయస్థానమునెదుట గాని భయపడినప్పుడు, భయ మెరుగని మూర్తి వానికి తోడు రాదు. తాను పునీతులమార్గమునకు వెలియైనవాడనని వానిచే తలపించును. మోరు గెత్సేమనే గ్రంథమును వ్రాయుటకు కారణ మదియే. ఆ యాక్షేపమును ఆయన ముందే విని యుండెను.

తెరేసా తుదివ్రాతను ఛాయాముద్రణలో చూచినవారికి ఒక చిన్నవిషయము కనబడును. 1897 జూలైనాటికి కలమును సిరాలో ముంచి వ్రాయు శక్తి యామె చేతికి లేకపోయెను. కడపటి పుటలు సిరాతో వ్రాసినవి గావు, పెన్సిలుతో వ్రాసినవి. 1898 ముద్రణలో ఆ పుటలును తక్కిన వానివలెనే నల్లని సమానాక్షరములతో నున్నవి.